అక్కతో విరుదునగర్ ఎకోకు పోయిన రోజులు

మొన్న మా కోవిల్‌పట్టిలోనే నాకు ఎకో అనే గుండె స్కాను తీయడానికి ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నారు. తెర మీద నా గుండె కవాటాలు తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించాయి. స్కాను తీసే పిల్ల పని ముగించి లేవమన్నా నాకు లేవబుద్ధి కాలేదు. అక్క గుర్తుకొచ్చింది.

తొంభైలలో మేమిద్దరం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం అక్క గుండెను పాడుచేసిందని, రెండో కాన్పు తరువాత ఆమె ఆయాసంతో పడుకోలేక గోడకానుకుని కూర్చునేదాకా మాకు తెలియదు. అప్పట్లో ఎకో కావాలంటే మేము బస్సెక్కి విరుదునగర్ పోవలసిందే. అక్కడి డాక్టరు చూసి, గుండెలో మైట్రల్ అనే కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కు పోతోందని, ఆపరేషను చేయించాలని చెప్పాడు. గుండె బలం ఇప్పటికి బాగానే కనిపిస్తోందని, అయితే దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయవద్దని కూడా అన్నాడు. మా బావ చెవికి బలం బాగుందన్న మాటే ఎక్కింది.

"గుండె బాగ కొట్టుకొంటాదని డాక్టరే చెప్పినాడు గదా, ఇంగ కోసేది ఎందుకు?" అని అడిగినవాళ్ళందరితో అనేవాడు. ఆయనది మొండితనం కాదు, భయం. అలా కొన్నేళ్ళు జరిగిపోయాయి. అక్క ఫ్యాక్టరీ మెట్ల దగ్గర ఆగి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు నటించి, ఊపిరి కూడదీసుకుని ఎక్కేది.

కాళ్ళు వాచి ఇక నడవలేని స్థితి వచ్చాక మదురైలో ఆపరేషను చేసి కొత్త కవాటం పెట్టారు. అక్క వెల్లకిలా పడుకుని నిద్రపోతుంటే మా అమ్మ పక్కనే కూర్చుని రెప్పవేయకుండా చూసింది. కొన్ని వారాలకు మళ్ళీ విరుదునగర్‌లో ఎకో తీస్తే కవాటం చక్కగా ఉంది గాని గుండె బలం మునుపటికన్నా తగ్గిందన్నారు.

బావ మండిపడ్డాడు. "బాగుండిన గుండెను కోసి కెడిపేసినారు!"

డాక్టరు కోపగించుకోలేదు. గొట్టం పగిలి నీళ్ళు పక్కకు పోతున్నప్పుడు మోటారు సులువుగా తిరుగుతుందని, పగులు పూడ్చి నీళ్ళన్నీ పొలందాకా తోయమన్నప్పుడే దాని అసలు సత్తువ తెలుస్తుందని తమిళంలో నిదానంగా చెప్పాడు. అక్క గుండె కూడా అంతేనట, లోలోపల ఎప్పుడో అలసిపోయిందట. వత్రాప్ ఊరి తోటల్లో మోటార్లతో నీళ్ళు పెడుతూ పెరిగిన బావకు ఆ మాట వెంటనే అర్థమయింది. ఆలస్యం ఏం చేసిందో కూడా అర్థమయింది కాబోలు, వరండాలో బల్ల మీద కూలబడి తల ఎత్తలేదు.

అక్కే ఆయన పక్కన కూర్చుంది. "పోనీ మామా. ఈ గుండె ఇన్నేండ్లు బొంకుతా ఉండె, ఇబ్బుడన్నా నిజం చెప్పినాది" అంది.

ఆ తరువాత బావ ఆమెను నీళ్ళ బిందె ముట్టుకోనివ్వలేదు. మందులతో కొంత కోలుకుంది గాని అక్క మళ్ళీ ఫ్యాక్టరీకి రాలేదు. పిల్లలను పెద్దచేసి, ఒక వానాకాలంలో ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎకోకు ఊరు దాటనక్కరలేదు, ఇంట్లో అన్నం ఉడికేలోగా పోయి రావచ్చు. మంచిదే. కానీ ఊహ తెలిసినప్పటినుంచి పనిలోనే బతికిన మా ఇద్దరికీ, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే పక్కపక్కన కూర్చునే వీలు దొరికింది ఆ బస్సులోనే. కిటికీ సీటు ఎప్పుడూ నాకే ఇచ్చేది.