అద్దం అవతల మా బావ

ఈ మధ్య సాంచెల చప్పుడు మీద ఒక పాట వచ్చింది. మ్యూజిక్ చానల్లో రోజుకు నాలుగుసార్లు వేస్తున్నారు. నల్ల కళ్లద్దాల కుర్రాడొకడు ఆగి ఉన్న పవర్‌లూమ్ మీద కాలు పెట్టి నిలబడి, వెనక టకటకమని దాని చప్పుడే తాళంగా పెట్టుకుని పాడతాడు. కాలేజీ నాటి స్నేహితులు ఫోన్ చేసి, మీ భివండీ పాట చూశావా అని అడుగుతున్నారు. చూశాను. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. సాంచె మీద కాలు పెట్టడమేంటని మొదట మండుతుంది. ఆ తర్వాత మండేది వాడి మీద కాదు.

సాంచె అంటే మా కరీంనగర్ వైపు వాళ్లం పవర్‌లూమ్‌కు పెట్టుకున్న పేరు. ముంబై పక్కనున్న భివండీలో, కనేరి పేటలో మా నాన్నకు ఎనిమిది సాంచెల కార్ఖానా ఉండేది. అందులో నాలుగింటిని మా మేనత్త కొడుకు నడిపేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. పనివాళ్లంతా నాన్నను సేఠ్ అంటే, అతనొక్కడే మామా అనేవాడు. నన్ను బామ్మర్దీ అని పిలిచి, కష్టపడి దువ్వుకున్న జుట్టు చెరిపేవాడు. ఆ చేతి దూది నూగంతా నా తలకు అంటేది.

బావ పాటలు కట్టేవాడు. నాలుగు సాంచెల మధ్య అటూ ఇటూ నడుస్తూ, తెగిన పోగు ముడేస్తూ, ఆ చప్పుడుకే పాడేవాడు. మోటారు వేశాక పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు కాబట్టి అక్కడ అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఆ మూల ఎవడు ఎవడిని తిట్టాడో ఈ మూల నుంచి చెప్పేస్తారు. బావ ఏ పాట పాడుతున్నాడో నాక్కూడా పెదవులు చూస్తే తెలిసేది.

అప్పుడే సినిమాతో పని లేకుండా ఎవరి పాట వాళ్లు పాడుకుని క్యాసెట్లు తెచ్చే కాలం మొదలైంది. జీన్స్ వేసుకున్న ప్రతివాడికీ ఆల్బమ్ పిచ్చే. బి.కామ్ చదువుతున్న నాకు ఇంకా ఎక్కువ. చర్చిలో గిటార్ వాయించే స్నేహితుడొకడు దొరికాడు. వాళ్లదీ తెలంగాణే, వాళ్ల నాన్న కూడా లూముల మీదే పనిచేసేవాడు. బావ తెలుగులో కట్టిన పాటకు నేను హిందీ చరణం రాశాను. “నాలుగు సాంచెల నడుమ నాలుగు మైళ్ల తొవ్వ, నడిచి నడిచి చూస్తే నేనున్న కాడనే ఉన్న” అని మొదలవుతుంది బావ పాట. ఇప్పటికీ నాకు ఆ మొదటి మాటలే గుర్తొస్తాయి, నేను రాసింది ఒక్క ముక్క గుర్తు లేదు.

మేముండే వరస గదుల చాల్‌లో ఒక్కో గదికి ఏడుగురం. అక్కడ పాడితే తిట్లు. అందుకని మా సాధనంతా కార్ఖానాలోనే, సాంచెలు నడుస్తుండగానే. గిటార్ తీగలకు చెవి ఆనించి వాయించుకునేవాడు మావాడు. వాడే ఒకసారి అన్నాడు, “ఒక్క శుక్రవారం మా చర్చిల చేద్దాం రా. సప్పుడు లేని కాడ ఎట్లొస్తదో సూద్దాం.” శుక్రవారం ఊళ్లో లూములకు సెలవు. ఆ ఒక్కరోజే భివండీలో మనిషి గొంతు వినపడుతుంది. నేను సాగనిచ్చానా? “ఏందిరా, మనం పాడేది ప్రేయర్ పాటనా? గట్లనే ఉంటది, ఏం కాదు” అని కొట్టిపారేశాను. మా జట్టుకు మేనేజర్‌ను కదా.

పక్కనే ఉన్న ఠాణే పట్టణంలో కొత్త గొంతుల కోసం వెతుకుతున్న రికార్డింగ్ అతన్ని పట్టుకున్నదీ నేనే. శుక్రవారం పొద్దున రమ్మన్నాడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కనుబొమల్లో ఇరుక్కున్న నూగు కూడా తుడుచుకుని వచ్చాడు. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. “క్యాసెట్ మీద నా ఫోటో పెడ్తరా బామ్మర్దీ?” అని రెండుసార్లు అడిగాడు. పెళ్లిచూపులకు పోయినప్పుడు కూడా అతన్ని అంత ఆశగా నేను చూడలేదు.

గోడలకు మెత్తలు కొట్టిన గది అది. బావ, గిటార్ స్నేహితుడు లోపల. రికార్డింగ్ అతనూ నేనూ అద్దం ఇవతల. బావ గొంతెత్తగానే మీటరు సూది ఎర్రగీత దాటిపోయింది, రికార్డింగ్ అతను హెడ్‌ఫోన్ లాగి పారేశాడు. సాంచెలను దాటి వినిపించాలన్నట్టు పాడుతున్నాడు మరి. రెండో వరుసకు తాళం తప్పాడు. టకటక లేదు, ఆ నిశ్శబ్దంలో కాలు ఎక్కడ వేయాలో తెలియలేదు. మూడో వరుసకు అలవాటుగా నడక మొదలుపెట్టి మైకు వదిలి గోడ దాకా వెళ్లిపోయాడు. గిటార్ ఒకచోట, పాట ఒకచోట, మనిషి ఇంకోచోట.

రికార్డింగ్ అతను పగలబడి నవ్వాడు. నాకు పెన్ను, ఇంగ్లీష్ మాటలు, టక్ చేసిన చొక్కా ఉన్నాయి. నన్ను తనవాడిగా ఎంచి, హిందీలోనే అడిగాడు, ఇతను నీకేమవుతాడని. నేను కూడా నవ్వాను. “హమారే కార్ఖానే కా కామ్‌గార్ హై,” అన్నాను. మా పనివాడు అని.

బావ అని ఎందుకు అనలేదు? అనడానికి ఎంతసేపు? ఇన్నేళ్లూ నన్ను నేనే చెంపమీద కొట్టుకున్నట్టు అడుగుతున్నాను. ఆ నవ్వులో నా వాటా వదులుకోవడం ఇష్టం లేక, అంతే. ఇంకే కారణమూ లేదు. అద్దం మందంగా ఉంది కదా, లోపలికి వినపడదు కదా అనుకున్నాను. పెదవులు చూసి బతికే మనిషి ఎదురుగా నిలబడి అనుకున్నాను ఆ మాట, కార్ఖానాలోనే పెరిగి.

తల తిప్పితే బావ నావైపే చూస్తున్నాడు. నా నోటి వైపు.

చిత్రమేమిటంటే ఆ రికార్డింగ్ అతను చెడ్డవాడేం కాదు. నవ్వు అయ్యాక, గొంతు బాగుంది, మీ లూముల చప్పుడు టేపులో పట్టుకురండి, హెడ్‌ఫోన్‌లో వినిపిస్తూ పాడిద్దాం, వచ్చే శుక్రవారం రండి అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. తిరుగు బస్సులో అదే వాగుడు. కాల్హేర్ గోదాములు దాటేదాకా బావ కిటికీలోంచి ట్రక్కులను చూస్తూ కూర్చున్నాడు. గిటార్ స్నేహితుడు బూట్లు చూసుకుంటున్నాడు. భివండీలో దిగాక బావ అన్నాడు, “నేను పోత సేఠ్. పొద్దున షిఫ్ట్ ఉన్నది.”

ఆటపట్టిస్తున్నాడని నవ్వాను. ఆ రోజుకు అది రెండోసారి.

మర్నాడు టూ-ఇన్-వన్ టేపురికార్డర్ తీసుకుపోయి అరగంట సేపు సాంచెల చప్పుడు పట్టాను. ఆ అరగంటలో బావ పెదవులు ఒక్కసారీ కదలలేదు. ఆ వారమంతా కదలలేదు. గురువారం సాయంత్రం క్యాసెట్ పట్టుకుని అతని నాలుగు సాంచెల మధ్యకు వెళ్లి, తప్పైంది బావా, రేపు పోదాం పద అని అరిచాను. వినపడదని తెలిసీ గొంతు పగిలేలా అరిచాను. అతను చూడాల్సింది నా పెదవులనే, చూశాడు కూడా. తెగిన పోగు ముడేసి, చేతులు తుడుచుకుని, ఎంతో మర్యాదగా పక్కకు జరిగి నాకు తొవ్వ ఇచ్చాడు. ఆ తర్వాత అతని పెదవులు కదిలాయి.

“మీ బట్టలకు నూనె అంటుతది సేఠ్. బయట నిలబడుండ్రి.”