ఆదిలాబాద్‌లో ఊకె కూర్చున్న రోజు

ఆఫీసు పని మీద ఆదిలాబాద్ వచ్చిన నాకు ఇవాళ సెలవు దొరికింది. ఏ పనీ చేయకూడదని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాను. లాడ్జి మేనేజరు జలపాతం చూడమన్నాడు, టాక్సీ అతను బాసర తీసుకెళ్తానన్నాడు. ఇద్దరికీ దండం పెట్టేసి చాయ్ కొట్టు బల్ల మీద స్థిరపడ్డాను.

మూడో చాయ్‌కి కొట్టు నడిపే పెద్దమ్మకు అనుమానం వచ్చింది.

"ఎవల కోసం చూస్తున్నవ్ బిడ్డా?"

"ఎవరికోసమూ కాదమ్మా, ఊరికే కూర్చున్నా."

"ఊకె కూసునుడు అల్కటి పని కాదు బిడ్డా. కొట్టు పెట్టినకాన్నుంచి అనుకుంటున్న, ఒక్క దినమన్న అయితలేదు" అంటూ పక్కన కూర్చుంది. అంతలో ఎవరో రెండు చాయ్‌లని కేకేశారు.

ఆమెను లేవనివ్వలేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి నేనే పోసిచ్చాను. ఊకె కూర్చోవడం మీలో ఎవరికైనా వస్తే మా ఇద్దరికీ నేర్పండి.