నీలం మందుకి ఎండ పరీక్ష

వెంకటరావమ్మ చేతిలో ఏం పెట్టినా ముందు వాసన చూసేది, ఆ తర్వాతే ధర అడిగేది. తాంబూలంలో ఇచ్చిన వక్కని కూడా తిరగేసి చూస్తుందని ఊళ్ళో నవ్వుకునేవారు. నవ్వేవాళ్ళకేం పోయింది? తొంభై ఏడులో పత్తికి పచ్చపురుగు పట్టినప్పుడు, "పురుగే చస్తుందమ్మా, చెట్టుకేం కాదు, మనిషికి అసలే కాదు" అని మందుల కొట్టువాడు గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. పురుగు నిక్షేపంలా ఉంది. ఆకు మాడింది. మందు కొట్టిన వెంకటరావమ్మ రెండు రోజులు వాంతులతో మంచం దిగలేదు.

ఆ దెబ్బతో సొంత సేద్యం మానేసి, వినుకొండ దగ్గర విత్తన పత్తి చేలల్లో రెండు రకాల్ని కలిపే క్రాసింగు పనిలో చేరింది. విచ్చబోయే మొగ్గని బొటనవేలి గోటితో చీరి, లోపలి పుప్పొడి తిత్తుల్ని గిల్లేయాలి. నడిమి కాడకి గీత కూడా పడకూడదు. ఆ పనికి గోరే పనిముట్టు. అలాంటి గోరు రెండువేల ఎనిమిదిలో పసుపు తిరిగి, పైకి లేచి, పిండిపిండిగా రాలడం మొదలెట్టింది. వినాయకచవితి నాటికి గట్టిపడకపోతే ఆమె సాలులో ఇంకొకరిని పెట్టుకుంటానని మేస్త్రి మొహం మీదే చెప్పేశాడు.

ఉగాది వెళ్ళిన వారం గుంటూరు వెళ్ళి చర్మవ్యాధుల ఆసుపత్రిలో చూపించుకుంది. పోయినేడు కామెర్లు వచ్చిన ఒళ్ళు, మాత్రలు పడవన్నారు. శ్రీరమ్య అనే చిన్న డాక్టరమ్మ కొత్త వైద్యం ఒకటుందని చెప్పింది. గోటికి నీలం మందు పూసి, దాని మీద ఎర్ర లైటు వేస్తారట.

"లైటు పడితే గోటికి పట్టిన ఫంగస్ చస్తుందమ్మా. మీ చర్మానికి ఏం కాదు. ల్యాబులో మనిషి కణాల మీద కూడా చూశారు."

వెంకటరావమ్మకి ఒళ్ళు మండింది. మనిషే మారింది గానీ మాట అదే.

"చీకట్లో ఊరుకుని, వెలుతురు తగిలితే చంపే మందు గదా ఇది?"

"అవునండీ."

"మరి రేపు నేను చేలో నిలబడితే? మీ లైటు పెద్దదా, సూర్యుడు పెద్దా?"

డాక్టరమ్మ దూది ముక్క చూపించింది. "తర్వాత తుడిచేస్తామమ్మా..."

"తుడిస్తే పోయేదైతే ఇక లోపలికేం పోయినట్టు? ముందు నా మంచి వేలికి పూయండి. మీ వేలికి కూడా. తుడుచుకుని ఎండలోకి పోదాం."

కాంపౌండరు యలమంద కిసుక్కున నవ్వాడు. "ఓసోస్, డాక్టరమ్మకే పరీక్ష పెడతావా?"

"పెట్టనీ యలమందా," అంది శ్రీరమ్య. సీసా మూత తీసింది.

మందు పూసుకుని కాసేపు ఆగి, తుడుచుకుని, మిట్టమధ్యాహ్నం ఇద్దరూ ఆసుపత్రి ఆవరణలో నిలబడ్డారు. వెంకటరావమ్మ వేలు చూసుకోలేదు, డాక్టరమ్మ మొహమే చూస్తోంది. కొట్టువాడి మొహం ఆనాడు సరిగ్గా చూడకపోవడమే తన తప్పని ఆమె నమ్మకం. పావుగంటయ్యాక తన వేలి కొస చిమచిమలాడింది, కాసేపటికి మంట ఎత్తుకుంది. పైకి చెప్పలేదు. ఈ పిల్ల ఏమంటుందో చూడాలి. ఏం లేదంటే మాత్రం వినుకొండ బస్సెక్కేయడమే. బస్సెక్కితే పని పోతుంది.

శ్రీరమ్య వేలు పైకెత్తి చూసుకుంది. గోరు పక్కన ఎర్రబడింది.

"వెంకటరావమ్మగారూ, నాకు మండుతోంది. మీకూ మండుతోందా?"

"ఊఁ."

"ఏం కాదని చెప్పాను, తప్పు నాదే. నీడకి రండి ముందు. వేలికి గుడ్డ చుట్టుకుని మూడు రోజులు ఎండకి దూరంగా ఉండాలని చెప్పాల్సింది. ఎంత మండిందో, ఎప్పటికి తగ్గిందో రెండు వేళ్ళదీ రాసుకుంటాను."

నలభై ఏడేళ్ళ బతుకులో మందిచ్చిన మనిషి నోట తప్పు అన్న మాట వెంకటరావమ్మ విననేలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అందుకు తన మీద తనకే కోపమొచ్చింది. వరండా బల్ల మీద కూలబడి, గోరు పుచ్చిన బొటనవేలిని డాక్టరమ్మ ముందుకి చాపింది.

"పూయండి," అంది.