గోడకు మొలిచిన చెవులు

ఆ రోజుల్లో పిల్లలు మూడే రకాలు. బుద్ధిమంతులు, మొద్దులు, మొండిఘటాలు. ఎనభైల మొదట్లో, ఒంగోలునుంచి పొదిలి వెళ్ళే దారిలో మిరప చేల మధ్య ఉన్న ఓ ఊరి మిషను బడికి నేను టీచరుగా వెళ్ళేనాటికి, ఈ మూడింటిలోనూ ఇమడని పిల్లలుంటారని నాకెవరూ చెప్పలేదు. (ట్రైనింగులో చెప్పే ఉంటారు. ఆ రోజు నేను వెనక కూర్చుని లేసు అల్లుకుంటూ ఉండి ఉంటాను.) గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, ఇరవై రెండేళ్ళు, చేతిలో కొత్త గొడుగు, బుర్రనిండా లోకాన్ని ఉద్ధరించెయ్యాలన్న పట్టుదల. గొడుగు మొదటి వారంలోనే గాలికి తిరగబడింది. పట్టుదల మాత్రం కాస్త గట్టి సరుకు.

నాకిచ్చిన మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఊరంతా 'చెవిటిపిల్ల' అనేవారు. పిలిస్తే పలకదు, మొహంలోకి చూడదు, మనం మాట్లాడుతుంటే మన పక్కనెవరో నిలబడ్డట్టు అటుకేసి చూస్తుంది. బడి గంట మోగిందంటే మాత్రం రెండు చేతులతో చెవులు మూసుకుని బల్లకింద దూరుతుంది. చెవుడైతే గంటకెందుకు బెదురుతుందని ఎవరికీ తోచలేదు. మొదటిరోజు నన్ను నేను పరిచయం చేసుకుంటూ, "బొమ్మలంటే నేను చెవి కోసుకుంటాను" అన్నాను గొప్పగా. ఇంటర్వెల్లో ఆ పిల్ల వచ్చి నా కుడిపక్కకు వెళ్ళింది, చూసింది. ఎడమపక్కకు వెళ్ళింది, చూసింది.

"ఏదండీ?" అంది.

"ఏంటమ్మా?"

"కోసుకున్న చెవి. రెండూ ఉండాయిగా!"

అబద్ధాలకోరును చూసినట్టు చూసి (నన్ను కాదు, నా చెవిని) వెళ్ళిపోయింది. ఆ తర్వాత దాని ముందు ఏం మాట్లాడాలన్నా ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సి వచ్చేది. "నా తల తినకే" అంటే, "నేను రాగిసంకటి తిన్నానండీ" అనేది. వెక్కిరింపు కాదు, నిజంగానే చెప్పేది. అప్పటికే నాకు అర్థమైపోయింది, ఈ పిల్లకు వినపడకపోవడం కాదు, మనం అన్నది అన్నట్టే వినపడుతుంది. మనమే ఒకటి అనుకుని ఒకటి అంటాం.

ఇంకో సంగతి, ఆ పిల్ల బొమ్మలు గీసేది. పలకమీద, ఇసకలో, అన్నం తిన్న సత్తుగిన్నె అడుగున కూడా. గీసేవి చెవులు. వట్టి చెవులు. దీని చేత వేరే బొమ్మలు గీయించి తీరాలని నేను నడుం కట్టాను. మామిడిపండు గియ్యమంటే కిందిభాగంలో చెవితమ్మె వేలాడేది. చిలకను గియ్యమంటే రెక్క దగ్గరకు వచ్చేసరికి అది చెవైపోయేది. నెలలు తంటాలు పడి చివరికి, "సరే తల్లీ, చెవులే గియ్యి, బాగా గియ్యి" అని లొంగిపోయి, రంగు సుద్దముక్కలన్నీ దాని ఒళ్ళో పోశాను. పట్టుదల గలవాళ్ళు లొంగేటప్పుడు కూడా పట్టుదలగానే లొంగుతారు.

మా హెడ్‌మిస్ట్రెస్‌ను అందరూ పెద్ద టీచరమ్మ అనేవాళ్ళం. మంచి మనిషే, కానీ కంచుగంట గొంతు. పాఠం అప్పజెప్పే ప్రతి పిల్లనూ "గట్టిగా చెప్పు! అన్నం తిన్లేదా?" అని గద్దించేది. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి, ఈ పిల్లను చెవిటి, మూగ పిల్లల హాస్టలుకు పంపేస్తున్నామని చెప్పింది. వార్షికోత్సవానికి కమిటీ పెద్దలు వస్తారు, వాళ్ళు సరేనంటే అయిపోయినట్టే.

"దానికి చెవుడు లేదండీ!"

"నేను పిలిస్తే పలకదు, పలికినా వినపడదు. నా లెక్కల పీరియడ్లో ఇంతవరకూ నోరు విప్పలా. నువ్వు కొత్తదానివి, నీకు తెలవదు. చర్చి అయ్యగారు ఈమధ్య వాళ్ళ చుట్టాలపిల్లకి ఈ సీటు అడుగుతున్నారు. ఈ సంగతి బయట అనమాక, గోడలకు చెవులుంటాయి!" అంది, వీధి చివరి దాకా వినపడేటట్టు. వరండాలో కూర్చున్న ఆ పిల్ల తలెత్తి గోడకేసి చూసింది.

ఆ సాయంత్రం మిరపకాయ కోతనుంచి వాళ్ళమ్మ తిన్నగా నా దగ్గరకు వచ్చింది. చేతులు మంటెత్తుతున్నాయేమో, పైటకు దూరంగా పట్టుకుంది. "నేను పొయ్యి కాడ గొణుక్కున్నది కూడా వినపడుద్ది టీచరమ్మా దానికి. చెవిటోళ్ళ బళ్ళో ఏస్తే అది నిజంగానే మూగదై పోద్ది. కాకపోతే నా మొహం గూడా చూడదమ్మా అది. కన్నతల్లి మొహం!" అని ఏడ్చింది. నేనుండగా పంపనివ్వనని మాట ఇచ్చేశాను. ఎలా ఆపాలో తెలియకుండానే ఇచ్చేశాను.

వార్షికోత్సవానికి ముందురోజు బడి ముందు గోడకు సున్నం కొట్టించారు. దానిమీద నేను చిలకలకు, తామరపూలకు గీతలు గీసి, నీలిమందు, ఇటుకపొడి, పసుపు, బొగ్గు కలిపిన చిప్పలు ఆ పిల్ల ముందు పెట్టి, రంగులు నింపమని చెప్పి, రంగు కాగితాల కోసం పొదిలి బస్సెక్కాను. కమిటీ పెద్దలు ఆ గోడ చూసి మెచ్చుకోవాలి, పిల్ల బళ్ళో ఉండిపోవాలి, ఇదీ నా ఎత్తు. తిరిగొచ్చేసరికి నా చిలకలూ లేవు, తామరలూ లేవు. గోడనిండా చెవులు. పెద్దవి, చిన్నవి, డొప్పలు, ముడతలవి.

"ఇదేంది టీచరమ్మా! బడా, కసాయికొట్టా?" పెద్ద టీచరమ్మ ఊగిపోతోంది. పక్కన ఆయా సున్నం బకెట్టుతో సిద్ధం.

"ఏం పనే ఇది?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

"గోడలకి చెవులుంటాయని పెద్ద టీచరమ్మ చెప్పింది. చూశా, లేవు. పెట్టా" అందా పిల్ల.

ఆయా కుంచె ముంచింది. నేను కొంగు దోపుకుని, చేతులు చాపి, గోడకు అడ్డంగా నిలబడ్డాను. "ముందు నాకు సున్నం కొట్టి, ఆ తర్వాత గోడకు కొట్టండి!" (అనుకున్నంత గంభీరంగా రాలేదు, గొంతు కీచుమంది.) వెనకనుంచి ఆ పిల్ల నా చీర లాగి, "జరగండి టీచరమ్మా, తడారలా. చీరకంటుద్ది" అంది. అప్పటికే అంటింది.

ఈ రభసకు దారినపోయేవాళ్ళంతా పోగయ్యారు. దూది ఏకే సాయిబు తాత భుజాన వింటితో అటే పోతూ ఆగి, గోడ దగ్గరకు వచ్చి, తన చెవి తడుముకున్నాడు. "ఒరేయ్, ఇది నా చెవేరా! అత్తరుదూది నేనెట్టా పెట్టుకుంటానో అట్టానే ఉంది సూడు!" అని కేకేశాడు. అంతే, ఊరు ఊరంతా గోడమీద పడింది. బీడీ దోపుకున్నది ప్రెసిడెంటుగారిది, వెంట్రుకలున్నది అయ్యగారిది, సుద్దముక్క దోపుకున్నది నాది. (అంత డొప్పచెవని నాకు అప్పటిదాకా తెలియదు.) మొహాలు చూడని పిల్ల ఎటు చూస్తోందో అందరికీ అప్పుడు తెలిసింది. వాళ్ళమ్మ మాత్రం కింద ఒక మూల చతికిలబడి ఉంది. అక్కడ ఇటుకపొడితో ఎర్రగా వేసిన చెవి, మిరపకాయ చేత్తో గోక్కుంటే మండే చెవి.

"నాది ఎప్పుడు చూశావే?"

"నువ్వు పడుకున్నప్పుడు. రోజూ" అందా పిల్ల, పక్కకు చూస్తూనే. వాళ్ళమ్మ ఆ మాట విని నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి.

పెద్ద టీచరమ్మ తన చెవి దగ్గర ఆగిపోయింది. దుద్దుతో సహా అచ్చం ఆవిడదే. దాని వెనక దొప్పలా పట్టిన అరచెయ్యి కూడా ఉంది. సరిగా వినపడనిది ఆవిడకేనని, నెలల తరబడి ఆవిడ పక్కనే తిరిగినా నేను గమనించనే లేదు. కమిటీ పెద్దలకూ తెలియదు, తెలియకూడదని ఆవిడ ఎంత జాగ్రత్తపడిందో ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది. జనం నవ్వు ఆగింది. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆవిడ చాలాసేపు గోడను చూసి, ఆయాతో, "ఆ సున్నం కొబ్బరిచెట్ల మొదళ్ళకు కొట్టు" అంది. పిల్ల దగ్గర వంగి, తల తిప్పి, గోడమీద ఉన్నట్టే తన కుడిచెవి వెనక అరచెయ్యి పట్టి, "ఇటుపక్కకొచ్చి చెప్పు, ఎవరివెవరివి గీశావో" అంది. ఆ పిల్ల మెల్లగా, ఒక్కటీ తప్పకుండా చెప్పింది. ఆవిడ అంతా విని నావైపు తిరిగి, మొదటిసారి చిన్నగొంతుతో, "రేపట్నుంచి దాన్ని నా కుడిపక్క కూర్చోబెట్టమ్మా. ఇన్నాళ్ళూ ఎడంపక్క కూర్చోబెట్టి మూగదన్నా" అంది. హాస్టలు మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను రిటైరవబోయే ముందు ఒంగోల్లో ఒక ట్రైనింగులో డాక్టరొకాయన 'ఆస్పర్జర్ సిండ్రోమ్' అని బోర్డుమీద రాసి, ఆటిజంలో ఒక రకమని చెప్పి లక్షణాలు చదువుతుంటే, అన్నీ ఆ పిల్లవేనని ఉలిక్కిపడ్డాను. ఆ పిల్ల ఇప్పుడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. చెవులు దాటి ముక్కుల దాకా వచ్చింది, కళ్ళు ఇంకా పక్కకే చూస్తుంటాయి. ఆ పేరు నాకు అప్పుడే తెలిసి ఉంటే భయపడి, ఎవరినైనా అడిగి చేద్దామని ఆగిపోయేదాన్నేమో. ఏమీ తెలియకపోయినా, వీపున తడిరంగు చెవులు అంటించుకుని సున్నం బకెట్టుకు ఎదురు నిలబడిన ఆ ఇరవై రెండేళ్ళ టీచరమ్మను తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఆవిడంటే కాస్త కుళ్ళు కూడా.