నా కొంగు తిరగేసిన ఆమె

ఫస్ట్ ఏసీ ఎక్కడం నాకు అదే మొదటిసారి. బెంగళూరు నుంచి ఢిల్లీకి ప్రయాణం. ఆ దర్జాకు తగినట్టుండాలని గద్వాల చీర కట్టుకున్నాను. కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌లో అక్కతో, “గదికి తలుపుందే! అద్దం కూడా ఉందే!” అని ఒకటే సంబరం.

గద్వాలలో ఒక యాభై ఏళ్లావిడ ఎక్కింది. నేతపని చేస్తుందట. ఢిల్లీలో చేనేత ప్రదర్శనకు పిలిచినవాళ్లే టికెట్టు పంపారట. ఆమె మెత్తటి బెర్తు వైపు కూడా చూడలేదు. అడగకుండానే నా కొంగు తిరగేసి, నూలు చీరకు పట్టు కొంగు కలిసేచోట గోటితో తడిమింది. నాకు చిర్రెత్తింది.

“ఏం చూస్తున్నారండీ?”

“గీ పోగులు నేనే కలిపిన.”

“ఎలా చెప్తారు?”

“ఒక్కో నూలు పోగుకు ఒక్కో పట్టు పోగు పెట్టి వేళ్లతోని మెలేస్తం. నాది ఎడమ చెయ్యి. నా మెలికలు ఉల్టా తిరుగుతయ్.”

సంచిలోంచి ఇంకొకరు కలిపిన చీర తీసి పక్కన పెట్టింది. నిజమే! ఆ మెలికలు ఒకవైపు, నా చీరవి రెండోవైపు. నా కొంగు నేనే మళ్లీ వేలితో తడిమి చూసుకున్నాను.

“ముప్పై ఏండ్ల సంది కలుపుతున్న. మగ్గం దిగినంక ఒక్క చీర గూడ మల్ల కండ్ల పడలే. జర లేసి నడువమ్మా, చూస్త.”

ఊగుతున్న రైల్లో నడవా చివరిదాకా నడిచి వెనక్కి తిరిగాను. గదుల తలుపులు తెరిచి అందరూ చూస్తున్నారు. ఆమె మాత్రం ఇంకోసారి నడవమని ఎడమ చెయ్యి ఊపింది.