గురువమ్మక్క చెరిపే పద్ధతి

విరుదునగర్‌లో మా అంగడి రేకుల మీద ఎండ ముదిరే వేళ కొత్త ఫ్లెక్స్ చుట్ట విప్పితే, రబ్బరూ కిరసనాయిలూ కలిసినట్టు ఘాటైన వాసన వస్తుంది. బ్యానర్ల పనికోసం వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం గురువమ్మక్క గుర్తొస్తుంది. ఆవిడ చీరలోంచి ఎప్పుడూ ఆ వాసనే వచ్చేది. కోవిల్‌పట్టి బస్టాండు వెనక సందులో, రెండు కంప్యూటర్లతో బ్యానర్లు తయారుచేసే గది ఆవిడది. నేను కడంబూరు నుంచి రోజూ రైల్లో వెళ్లి నాలుగేళ్లు ఆవిడ దగ్గర పనిచేశాను. అంతకుముందు చాలా ఏళ్లు అగ్గిపెట్టెలకు చీటీలు అంటించి, నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్న మనిషి ఆవిడ. మౌసును చివరిదాకా అగ్గిపెట్టె పట్టుకున్నట్టే రెండు వేళ్లతో పట్టుకుంది.

మా వైపు బ్యానర్ కట్టకుండా ఏదీ జరగదు. చెవులు కుట్టినా, పిల్ల పెద్దమనిషైనా, పెళ్లైనా, చావైనా వీధి మొదట్లో ఫ్లెక్స్ లేవాల్సిందే. అందులో చుట్టాలందరి ముఖాలూ వరుసగా ఉండాలి. ఒక ముఖం తప్పిందంటే ఆ ఇంటివాళ్లు భోజనానికి రారు. వాళ్లు ఫోన్లలో తెచ్చిన ఫోటోల్లోంచి ముఖాలను ఒక్కొక్కటే కత్తిరించడం నా పని. మా పాత యంత్రంలో చోటు తక్కువ, అచ్చయిన బ్యానర్‌ను దాచేవాళ్లం కాదు. కత్తిరించిన ముఖాలను కూడా పని పూర్తయ్యాక రీసైకిల్ బిన్‌లో పడేసేవాళ్లం. ఊరందరికీ అది చెత్తబుట్ట, మాకు మాత్రం ముఖాలు కొన్నాళ్లు ఆగే చోటు.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. బుట్ట మొత్తం ఖాళీ చేయడానికి ఒక్క నొక్కు చాలు. ఆవిడ ఏనాడూ ఆ పని చేయలేదు. ఒక్కో ఫైలు మీద వేలు పెట్టి అడిగేది.

"ఇది ఎవురు?"

"నరికుడి ఊరి పెండ్లి అక్కా. పెండ్లికొడుకు చిన్నాయన."

"పెండ్లి అయిపోయెనా?"

"పోయిన మాసమే అయిపాయె."

"శరి, తీసెయ్."

పెళ్లి అయితే నెల, చెవులు కుట్టడమైతే మూడు నెలలు, చావైతే ఏడాది తిరిగేదాకా. ఇవి ఆవిడ లెక్కలు. ఎవరో తెలియని ముఖాన్ని అసలు చెరపనిచ్చేది కాదు. అరవై ముఖాలకు గంట పట్టేది. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు అడిగేశాను.

"ఒగే నొక్కులో పొయ్యేదానికి ఇన్ని నొక్కులు ఏంటికక్కా?"

"వీండ్లంతా ఒగే దినం వచ్చినారా? ఒగే దినం ఏంటికి పంపాల?" అంది అక్క. చాదస్తం అనుకున్నాను.

ఒకసారి అక్క అరుప్పుకోట్టైలో చుట్టాల పెళ్లికని రెండు రోజులు వెళ్లింది. అది ముహూర్తాల కాలం. గది నిండా జనం. యంత్రం చోటు లేదని మొరాయించింది. నేను వెనకాముందూ చూడకుండా బుట్ట మొత్తం ఖాళీ చేశాను. యంత్రం పరుగందుకుంది, నా తెలివికి నేనే మురిసిపోయాను. అక్క తిరిగొచ్చి ఖాళీ బుట్ట చూసి, "అన్నీ జూసే తీస్తివా?" అని అడిగింది. "జూసే తీస్తినక్కా" అన్నాను. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

వారం తిరక్కుండా చెల్లమ్మ వచ్చింది. కడంబూరు దగ్గర పల్లెలో అగ్గిపెట్టెల పనికి పోయే మనిషి. భర్త లారీ ప్రమాదంలో పోయాడు. మూడు రోజుల్లో పదహారో దినం కర్మ, దానికి పోస్టరు కావాలి. ఫోటోలన్నీ ఉన్న అతని ఫోను ప్రమాదంలోనే నలిగిపోయింది. పెళ్లి ఫోటోలో ఉన్నది మీసమైనా రాని కుర్రాడు. ఆధార్ కార్డులో ఉన్నది ఎవరో ఆవిడకే తెలియదు. అయినా చెల్లమ్మకు దిగులు లేదు. రెండు నెలల కిందట ఆడపడుచు కొడుక్కి చెవులు కుట్టినప్పుడు, మేనమామగా అతని ముఖం బ్యానర్లో పెద్దగా వేసింది మేమే.

"మీ దగ్గర ఉండాదని నమ్మి వస్తినక్కా" అంది ఆవిడ.

అక్కను పక్కకు పిలిచి ఉన్నది చెప్పాను. చెరిపినవి వెతికే సాఫ్ట్‌వేర్ ఏదో ఉంటే అక్క దాన్ని నడిపించింది. నుదురు, దాని కింద బూడిదరంగు చారలు, అంతే దొరికింది. "కరెంటు పోయి చెడిపోయెనని చెప్తామా అక్కా?" అని గొణిగాను.

అక్క గొంతు పెంచలేదు. "యంత్రం మీద ఏంటికి పెడతావు? చెరిపింది నువ్వు. పోయి నువ్వే జెప్పు" అంది.

వెళ్లి చెప్పాను. చెల్లమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బెంచీ మీద కూర్చుని, "అట్లయితే ఆయన మొగము ఇంగ యాడా లేదా?" అని అడిగింది. ఆ రోజు పడినంత సిగ్గు నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

అక్క ఆవిడ పక్కన కూర్చుని, "కట్టిన బేనరు ఏమాయె?" అంది. మా పల్లెల్లో వేడుక అయిపోయిన ఫ్లెక్స్‌ను ఎవరూ పారేయరు. వానకూ ఎండకూ దేనిమీదో ఒకదానిమీద కప్పుతారు. ముహూర్తాల కాలమని కూడా చూడకుండా అక్క షట్టరు దించేసింది. ముగ్గురం బస్సెక్కి ఆడపడుచు ఊరికి వెళ్లాం. బ్యానర్ మేకల కొట్టం మీద ఉంది. ఎండకు ఎరుపంతా పోయి అతని ముఖం నీలంగా మారింది. తాడు కట్టిన చోట చిరిగి ఎడమ చెవి పోయింది. అక్క చెంబుతో నీళ్లు పోసి, కొంగుతో ఆ ముఖం మీద దుమ్ము తుడిచింది. నిద్రపోతున్న మనిషి ముఖం తుడిచినంత మెల్లగా తుడిచింది. తర్వాత నీడలో పరిచి ఫోన్లో ఫోటో తీసింది.

తిరిగొచ్చి పనిలో కూర్చున్నాం. ఒంటి రంగు అక్క సరిచేసింది. చెవి నాకు అప్పగించింది. కుడి చెవినే తిప్పి అతికించబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపి, "చెల్లమ్మా, ఎడమ చెవి ఎట్లుండె?" అని అడిగింది.

"తమ్మె తెగి ఉండె అక్కా. చిన్నప్పుడు చెవికి పెట్టిన కడుక్కను లాగి తెంచుకున్నాడంట. అందుకే మేనల్లుడికి చెవులు కుట్టేటప్పుడు పిల్లోడి చెయ్యి గట్టిగా పట్టుకోండని అరుస్తానే ఉండె."

తెగిన తమ్మెను ఆవిడ చెప్పినట్టే గీశాను. ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం వెడల్పుగా అంటూ ఆవిడ తెర దగ్గరికి జరుగుతూ వచ్చింది. చివరికి వేలు తెర మీద ఆనించి, అవునన్నట్టు తలూపి, "ఆమా, ఇదే" అంది. భర్త పోయాక ఆవిడ మొదటిసారి ఏడ్చింది అప్పుడేనని తర్వాత వాళ్ల తోడికోడలు చెప్పగా తెలిసింది.

ఆ వారం నుంచి అక్క లెక్కల్లో ఇంకొకటి చేరింది. ముఖం ఆ ఇంటివాళ్ల దగ్గర ఉందో లేదో అడిగి తెలుసుకున్నాకే చెరపాలి. అడగడం నా పని. ఫోన్లు చేసి చేసి నా గొంతు పోయేది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

అక్క పోయి ఏడాది దాటింది. ఆవిడ పోస్టరు ఇక్కడ విరుదునగర్‌లో నేనే తయారుచేశాను. ఈ శనివారం బుట్టలో ముఖాలు చూస్తూ చూస్తూ ఆవిడ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆవిడ కొడుకు సీనివాసన్‌కు ఫోన్ చేశాను.

"అమ్మ పడము నీ దగ్గర ఉండాదా?"

"ఇంట్లో గోడకు ఉండాది, ఫోన్లో ఉండాది. ఏంటికక్కా?"

"ఏం లేదప్పా. ఊరికే అడిగితి."

ఫోన్ పెట్టేశాను. నిజంగానే చెరపాలా అని యంత్రం అడిగింది. కాసేపు ఆవిడ ముఖం చూస్తూ కూర్చున్నాను. తర్వాత అవునని నొక్కి, కళ్లు తుడుచుకుని పక్క ముఖం మీద వేలు పెట్టాను. అది ఎవరో పెళ్లికూతురి మేనత్త.