కేస్‌షీటులో ఒక్క మాట

నా కూతురికి రక్త క్యాన్సరని తెలిసేనాటికి దానికి ఆరేళ్లు. ఎనభైల నాటి మాట. గుంటూరు ఆస్పత్రిలో డాక్టరుగారు కేస్‌షీటు రాస్తూ, వయసూ ఊరూ అడిగినట్టే, "మేనరికమా?" అని అడిగారు. "అవునండి, మా అమ్మ తమ్ముణ్ణే చేసుకున్నానండి," అన్నాను. రాసుకున్నారు, అంతే. పక్కన నిలబడ్డ మా ఆయనకి మాత్రం ఆ ప్రశ్నే తీర్పులా వినబడింది.

ఇంటికి రాగానే మా అత్త అందుకుంది. అత్తంటే పరాయిదేం కాదు, నన్ను ఎత్తుకుని పెంచిన మా అమ్మమ్మే. మిరప చేను చేతులు మారకూడదని పట్టుబట్టి తన కొడుక్కి నన్ను కట్టబెట్టింది ఆవిడే. "మావైపు ఎవరికుందే ఈ రోగం? అంతా మీ నాన్న రక్తం!" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

నెల తర్వాత మద్రాసు నుంచి రిపోర్టు వచ్చింది. పిల్ల రక్తకణాల్లో రెండు క్రోమోజోములు విరిగి, ముక్కలు తారుమారై అతుక్కున్నాయట. "ఇది మీరిచ్చింది కాదమ్మా. ఎముకల మూలుగలో, ఆ కణాల్లోనే జరిగిన తప్పు. మొండి రకం. మందు ఒక్క వారం కూడా ఆపకండి," అని డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. మా ఆయన తలూపాడు.

మందులకి జ్వరం తగ్గి, పిల్ల కళ్లంలో ఆరబోసిన మిరపకాయల చుట్టూ పరుగెత్తడం మొదలెట్టగానే తల్లీకొడుకులు ఒక్కటయ్యారు. "పుట్టుకతో వచ్చింది మందులకి పోద్దా? పసిదాన్ని సూదులతో పొడిపించమాక," అంది అమ్మమ్మ. మా ఆయన మందు ఆపించేశాడు. మూడు వారాలు బతిమాలాను, పోట్లాడాను, అన్నం మానేశాను. నాలుగో వారం అడగడం మానేసి, పిల్లని చంకనేసుకుని బస్సెక్కాను. అప్పటికే దాని చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది.

డాక్టరుగారు నన్ను తిట్టారు. తిట్టాల్సిందే. మొదటి వారం కూడా ఆ బస్సు ఉంది. నాకు కాళ్లూ ఉన్నాయి. ఎవరు ఒప్పుకోవాలని ఆగానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పిల్ల పోయిన నెలకి, అమ్మమ్మ నా తల దువ్వుతూ, "ఊరుకోవే. ఇంకొకళ్లని కను, మనసు కుదుటపడుద్ది," అంది.

దువ్వెన లాక్కుని గోడకేసి కొట్టాను. "ఎవరి రక్తంతో కనమంటావ్ అమ్మమ్మా?"

ఆవిడ వంగి దువ్వెన ముక్కలు ఏరుకుంది.